దరి పట్టు

బావి మీద నీళ్లు తోడే కపిల ఆగింది.

గిలక కిరకిర ఆగింది. తోలు బానలోని చివరి నీళ్లు కాలువలో పడ్డాయి, ఆ చప్పుడూ ఆగింది. ఎద్దులు నీడకు పోయాయి. పులివెందుల ఎండ నడినెత్తిన నిలబడింది... ఇక ఆ బావి ఆడపిల్లలది.

పద్మావతమ్మ టీచరమ్మ చీర గోచి పెట్టింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బడిలో ఎక్కాలు చెప్పేది. మధ్యాహ్నం గంట కొట్టాక ఈత చెప్పేది. ఎక్కాలకు జీతం, ఈతకు తిట్లు. ఆడపిల్లలకు ఈతేందని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ! నీళ్లు తోడేది ఆడపిల్లలు. పాచి మెట్ల మీద కాలు జారేది ఆడపిల్లలు. మరి ఈత ఎవరికి రావాలంట?

నడుముకు తాడు. వీపున రెండు ఎండు సొరకాయ బుర్రలు. మెట్టు మీద నుంచి ఆమె గొంతు –

"దరి పట్టు!"

పాఠమంతా ఆ మాటే. ఊపిరి అందకపోతే – దరి పట్టు. భయమేస్తే – దరి పట్టు. బావిలో ఎటు తిరిగినా చెయ్యి చాపితే గోడే. రాతి సందులో నాలుగు వేళ్లు దూరితే చాలు, ప్రాణం నిలిచినట్టే. ఒక చుట్టు... రెండు చుట్లు... పది చుట్లు. నాలుగేళ్లలో నలభై మంది పిల్లలు. ఒక్కరూ మునగలేదు. ఆ మాట ఆమె గర్వంగానే చెప్పుకునేది. చెప్పుకోదా మరి!

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు జమ్మలమడుగుకు బదిలీ అయింది.

అక్కడ పెన్న.

ఏడాదిలో సగం ఇసుక. వానలు పడితే ఏరు. అవతలి గట్టు పల్లె పిల్లలు ఏరు దాటి బడికి రావాలి. నీళ్లు నడుము దాటితే మానేస్తారు. మగపిల్లలు మళ్లీ వస్తారు. ఆడపిల్లలు రారు.

పరుపులు కుట్టే జమీర్ కూతురు హసీనా ఆ పల్లె పిల్లే. ఐదో తరగతి. లెక్కల్లో అందరికంటే ముందు. టీచరమ్మ ఆ పిల్లకు బడి పక్కన బావిలో ఈత నేర్పింది. వారానికే పది చుట్లు తిరిగింది. ఇక దీన్ని ఏ నీళ్లూ ఆపలేవు అనుకుంది టీచరమ్మ.

ఆశ్వయుజంలో ఒక పగలు. పొద్దున నడుము లోతు, ఇప్పుడు రొమ్ము లోతు నీళ్లు. గట్టున నిలబడి పిల్లను ఇంటి వైపు ఏట్లోకి పంపింది.

సగం దాకా బాగానే పోయింది. సగంలో నీళ్ల లాగుడు తగిలింది. తల మునిగింది... తేలింది... పిల్ల కళ్లు టీచరమ్మ వైపు తిరిగాయి.

"దరి పట్టు! హసీనా, దరి పట్టు!"

అలవాటైన నోరు. అరిచేసింది.

పిల్ల చెప్పిన మాట వినే పిల్ల. విన్నది. గొంతు వచ్చిన వైపు, ఏటికి ఎదురు తిరిగింది. లేని గోడ కోసం చెయ్యి చాపింది. చాపింది... మళ్లీ చాపింది... ఆ చేతులు అలిసిపోయాయి.

కిందుగా వల వేస్తున్న గురమ్మ చూసింది. అరవై ఏళ్ల మనిషి. ఎదురు పోలేదు. నీళ్లతో పాటే వాలుగా పోయి, పిల్ల జుట్టు దొరకబుచ్చుకుని, రెండు ఫర్లాంగుల కింద గట్టెక్కింది. టీచరమ్మ ఇసుకలో పడుతూ లేస్తూ పరిగెత్తింది. హసీనా నీళ్లు కక్కి, ఏడ్చింది.

"బావి ఈత నేర్పినావు గదమ్మా," అంది గురమ్మ. "ఏట్లో దరికి తన్నుకోగూడదు. నీళ్లు యాడికి పోతాంటే ఆడికి వాలుగా పోవల్ల. దరి అదే వస్తాది."

గురమ్మే పిల్లను ఏరు దాటించి ఇంటికి చేర్చింది. హసీనా తల్లి అజ్మత్ బీ అరవలేదు. బిడ్డను చంకనెత్తుకుంది.

"ఈతా వద్దు, బడీ వద్దు. ఇది బతికుంటే చాలు నాకు."

ప్రొద్దుటూరు నుంచి పిలుపు వచ్చింది. పిల్లల్ని ఇక నీళ్ల దగ్గరికి తీసుకుపోనని రాసివ్వమన్నాడు పై అధికారి. ఆమె కాగితం తీసుకుని రాసింది – "ఏటి ఈత నాకు వచ్చేదాకా తీసుకుపోను." సంతకం పెట్టింది. ఆయన దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

తప్పు తనది. సిగ్గుగా ఉంది. ఆ సిగ్గుతోనే పెన్నలో దిగింది.

నలభై ఏళ్ల పంతులమ్మ, గురమ్మ దగ్గర మళ్లీ ఒకటో తరగతి. గట్టున జనం ఒకటే నవ్వు. నవ్వనీ! మునిగింది. తాగింది. మళ్లీ దిగింది. కాళ్లు మాట విన్నాయి, ఊపిరి మాట విన్నది – చెయ్యే వినలేదు. లాగుడు తగిలితే చాలు, గోడ కోసం దానంతట అదే చాచుకునేది.

"ఏందమ్మే ఆ చెయ్యి! ముందు దాన్ని ఇడ్సు!" గురమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చేది.

బడిలో రోజూ హాజరు పిలిచేది. హసీనా పేరూ పిలిచేది. గడి ఖాళీగా వదిలి తర్వాతి పేరు పిలిచేది.

ఆ ఏడు వానలు వదల్లేదు. ఏరు తగ్గలేదు. ఆమె కూడా తగ్గలేదు.

ఇరవయ్యో నాడు చెయ్యి గోడను మరిచిపోయింది. వాలుగా... వాలుగా... అవతలి గట్టు తనే వచ్చి పాదాలకు తగిలింది. ఒళ్లంతా ఇసుక. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

తలెత్తితే ఎదురుగా అజ్మత్ బీ. వెనకాల హసీనా.

"ఇరవై దినాలుగా చూస్తాండా," అంది అజ్మత్ బీ. "నువ్వు మునిగినప్పుడల్లా నేనీడ లేచి నిలబడ్తాండా."

టీచరమ్మ తడి కొంగు పిండుకుంటూ హసీనా వైపు చూసింది.

"దీన్ని పంపీ అని అడుగుతావు. నేను పంపను. ముందు నాకు నేర్పు. ఇది మునిగితే దూకేదాన్ని నేనే గదా!"

కొంగు నడుముకు బిగించింది. పుట్టి బుద్ధెరిగినాక ఏట్లో పాదం తడవని మనిషి. మోకాలి లోతుకు వచ్చింది. నీళ్లు లాగుతున్నాయి. టీచరమ్మ మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఎన్ని దినాలు పడ్తాది?"

"నాకు ఇరవై పట్టినాయి."

"నాకు పది చాలు," అంది అజ్మత్ బీ. "దాని పరీచ్చలు ముందరుండాయి గదా..."

ఇంకో అడుగు వేసింది.