తెచ్చినవాళ్ళదే లోపం

మా పత్తి మిల్లులో ఒక సూత్రం ఉంది. సరుకులో లోపం కనబడకపోతే తెచ్చినవాడిలో వెతకాలి. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు, నాకు పని నేర్పిన పాత గుమాస్తా చెప్పాడు. రైతు బోరెం గోతాం మూతి విప్పుతాడు. నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పత్తి లాగుతాను, వేళ్ళతో సాగదీసి చూస్తాను. బాగున్నా సరే మొహం చిట్లిస్తాను. మంచులో ఆరుబయట పడేశావు కదూ అంటాను. యలమందయ్య లాంటి ముసలి రైతులు మొదట ఒట్లు పెట్టుకుంటారు. కాసేపయ్యాక, ఏమో, ఆరుబయటే ఉంచానేమో అని వాళ్ళకే అనుమానం మొదలవుతుంది. అక్కడితో బేరం నాది. చిలకలూరిపేట హైవే మీద ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్న ఉద్యోగం ఇదే. నా పేరు ప్రసన్నకుమార్. పేరే గానీ మొహం ఏనాడూ ప్రసన్నంగా ఉండదని మిల్లులో అనుకుంటారు, అదీ నిజమే.

అలాంటివాణ్ణి నేను కారు ఎంచితే దానికి వంక పెట్టేదెవరు? నా భార్య లిడియా వేరే బండి చూసింది. మా ఓనరు డ్రైవరు కూడా ఈ మోడల్ కొత్తగా దిగింది, ఒక ఏడాది ఆగి తీసుకోండి అన్నాడు. నేను వినలేదు. తలుపు వేసి చప్పుడు విన్నాను, సీటు కింద చెయ్యి పెట్టి తడిమాను, ఇదే అన్నాను. ఆ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, దేవుడు మాకు మేలైన వాహనం ఇచ్చాడని సాక్ష్యం కూడా చెప్పాను. ఆదాం పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది.

ఎనిమిది నెలలు తిరక్కుండా ఆ మేలైన వాహనం నడిరోడ్డు మీద ఆగడం మొదలుపెట్టింది. ఆగింది లిడియా చేతిలో.

లిడియా అద్దంకి దారిలో ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఆమె హస్తవాసి మంచిదని ఆ చుట్టుపక్కల పేరు. చంటిపిల్లలకు సూది వేస్తే పిల్ల కెవ్వుమనే లోపే పని అయిపోతుందట. లిడియమ్మ వచ్చిందా అని అడిగి, రాలేదంటే పిల్లను చంకనేసుకుని వెనక్కి పోయే తల్లులున్నారు. ఆ సంగతి ఆమె నోటితో చెప్పుకోదు. ఎవరైనా అంటే మాత్రం రెండు చేతులూ కొంగులో దాచుకుని నవ్వుతుంది. ఆమెకున్న గర్వమల్లా అదొక్కటేనని నాకు బాగా తెలుసు. నలభై రెండో ఏట పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుంది. వారానికి ఆరు రోజులు కారు ఆమె తీసుకెళ్ళేది. నేను మిల్లుకు మోటారు సైకిలు మీద పోతాను, ఆదివారం చర్చికి మాత్రం స్టీరింగు నాది.

మొదటిసారి ఆగింది ఒక బుధవారం, టీకాల రోజు. ఫోను చేసి ఏం జరిగిందో వరసగా చెప్పింది. ముందు ఏసీ గాలి వేడెక్కిందట. తర్వాత ఎదుట ఉన్న లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయట. ఆ వెంటనే స్టీరింగు కొయ్యలా బిగుసుకుపోయి బండి చచ్చిపోయిందట. పది నిమిషాల తర్వాత ఏమీ ఎరగనట్టు స్టార్టయిందట. క్లచ్ మీద కాలుందా అని అడిగాను. లేదంది. ఎందుకు లేదన్నాను. ఉందంటే ఎందుకుందనేవాణ్ణి.

రెండు నెలల్లో అయిదుసార్లు ఆగింది. గుంటూరు బైపాస్ మీద ఉన్న సర్వీస్ సెంటరుకు మూడుసార్లు తీసుకెళ్ళాం. మూడుసార్లూ రెండేసి రోజులు ఉంచుకుని, కంప్యూటరు పెట్టి చూసి, శుభ్రంగా కడిగి ఇచ్చారు. కంప్యూటర్లో ఏ లోపమూ రాలేదన్నారు. వాళ్ళ దగ్గరున్నన్నాళ్ళూ అది బుద్ధిగా నడిచేది. మూడోసారి నాకు ఒళ్ళు మండి బల్ల మీద కొట్టాను. నా పదివేల కిలోమీటర్ల బండిని బాగు చెయ్యలేని మీరు ఎందుకు, మీ ఇస్త్రీ చొక్కాలు ఎందుకని అరిచాను. హాల్లో కాఫీ తాగుతున్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

అక్కడ మా బండి చూసే కుర్రవాడి పేరు వాసిం. నేను అరిచినంతసేపూ ఓపిగ్గా విన్నాడు. తర్వాత నెమ్మదిగా ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"సార్, మీరు నడిపినప్పుడు ఎప్పుడైనా ఆగిందా అండి?"

లేదన్నాను. మేడం గారు నడిపినప్పుడే ఆగిందా అన్నాడు. అవునన్నాను. అతను పెన్నుకు మూత పెట్టి లిడియా వైపు మర్యాదగా చూశాడు. నాకు అర్థమైపోయింది. మా సూత్రం ఇతనికీ తెలుసు. ఇరవై రెండేళ్ళుగా నేను రైతుల మీద వాడుతున్నదాన్ని నా మీదే వాడుతున్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు, ప్రాణానికి హాయిగా అనిపించింది. బండి మంచిదైతే దాన్ని ఎంచిన నా కన్నూ మంచిదే కదా.

ఒకసారి మేడం గారు నడుపుతుంటే చూద్దాం అన్నాడు వాసిం. లిడియా స్టీరింగు ముందు కూర్చుంది, అతను పక్కన, నేను వెనక. సీటు ముందుకు జరుపుకుని బండి కదిలించింది. వెనక నుంచి నేను చెబుతూనే ఉన్నాను, అద్దం చూడు, గేరు చూడు, ఎడమకు చూడు అని. గేటు దగ్గర స్పీడ్ బ్రేకరు ఎక్కుతుండగా బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఇదేనా మేడం అని అడిగాడు వాసిం.

"కాదండి. ఇది నేను ఆపాను, క్లచ్ తొందరగా వదిలేశాను. అది వేరు. అది దానంతటదే ఆగుద్ది."

నేను పెద్దగా నవ్వాను. ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనన్నాను. వాసిం కూడా నవ్వాడు, గేటు దగ్గర సెక్యూరిటీ ముసలాయన కూడా నవ్వాడు. అద్దంలో లిడియా కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళు వాసింను చూడలేదు, నన్ను చూశాయి.

లోపలికి వచ్చాక కాగితం తయారు చేశారు. బండిలో ఎలాంటి లోపమూ లేదు, వాహనం నడిపే విధానంపై కస్టమరుకు అవగాహన కల్పించబడింది అని ఉంది అందులో. కింద సంతకం పెట్టమని లిడియా ముందు పెట్టారు. రెండుసార్లు చదివింది. తనకెవరూ ఏ అవగాహనా కల్పించలేదని, అబద్ధం మీద సంతకం పెట్టనని అంది. జనం చూస్తున్నారు. నేను పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాను.

ఆ తర్వాత నాకు నోరు ఆగలేదు. మిల్లులో చెప్పాను, చర్చి వరండాలో చెప్పాను. మా ఆవిడ సూది వేస్తుంది గానీ గేరు వెయ్యలేదని చెబితే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇంట్లో ఒకరోజు, నీ హస్తవాసి మనుషులకే గానీ ఇనుముకు పనికిరాదు అన్నాను. అన్నం వడ్డిస్తున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నాకు నచ్చింది. అబద్ధమెందుకు, నచ్చింది.

పన్నెండేళ్ళ మా మహిమ ఒకసారి లెక్క చెప్పబోయింది. మమ్మీ వారంలో ఆరు రోజులు నడుపుతుంది, నువ్వు ఒక్కరోజు నడుపుతావు, అందుకే మమ్మీకే ఆగుతుందేమో డాడీ అంది. పెద్దవాళ్ళ మాటల్లో దూరొద్దని కసిరాను. చిన్నపిల్లకు తట్టింది నాకు తట్టకపోతుందా? తట్టింది, కాబట్టే కసిరాను.

మళ్ళీ ఒకరోజు మార్టూరు దగ్గర ఆగింది. వెనక వస్తున్న పత్తి లారీ జానెడు దూరంలో తప్పుకుని పోయిందట. ఇంటికొచ్చేసరికి లిడియా మొహంలో నెత్తుటి చుక్క లేదు. నేను తాళం తీసుకుని నా జేబులో వేసుకున్నాను. ఇంక నువ్వు ముట్టుకోవద్దు అన్నాను. ఆమె తాళం కోసం పోట్లాడలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక్క మాట అంది.

"తాళం మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కసారి మీ చేతుల్లో ఆగితే చాలండి. నేను చెప్పింది నిజమని మీకు తెలిస్తే చాలు, నాకింకేం వద్దు."

ఆనాటి నుంచి రెండు బస్సులు మారి డ్యూటీకి పోయింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి నేను బండి ఆపగానే, ఏమైనా ఇబ్బంది పెట్టిందా అని అడిగేది. పక్కనే కూర్చుని వచ్చిన మనిషి అడిగేది, తనకు తెలియకుండా ఏదైనా జరిగిందేమోనన్నట్టు. లేదనేవాణ్ణి. అప్పటికి అది నిజమే. కారు తెల్ల పావురంలా పోయేది. లిడియా క్రమంగా తన చేతులను చూసుకోవడం మొదలుపెట్టింది, ఎవరివో అన్నట్టు. ఒక సాయంత్రం వచ్చి, ఇవాళ ఒక పిల్లకు సూది రెండుసార్లు గుచ్చాల్సి వచ్చిందని చెప్పింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అలా ఎప్పుడూ జరగలేదట. చూశావా మరి, అన్నాను.

కనిగిరిలో పిల్లలకు బైబిల్ క్విజ్ పెట్టారు. శనివారం కూడా టీకాల రోజే కాబట్టి లిడియాకు డ్యూటీ ఉంది, మహిమను నేనే తీసుకెళ్ళాను. రెండో బహుమతి వచ్చింది. తిరిగి వస్తూ దర్శి దాటి నాలుగు మైళ్ళు వచ్చామేమో, మిట్టమధ్యాహ్నం, రెండువైపులా మిరప కళ్ళాలు. ఏసీలోంచి వేడి గాలి కొట్టింది. బయట ఎండ కదా అనుకున్నాను. అంతలో ఎదుట లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. స్టీరింగు నా చేతుల్లో బిగుసుకుపోయింది. నా కాలు క్లచ్ మీద లేదు. బండి నాలుగో గేరులో ఉంది. లిడియా చెప్పిన వరస చెప్పినట్టు, ఒక్కటి తప్పకుండా జరిగింది. వెనక లారీ హారన్ మోగించుకుంటూ వచ్చి, అద్దాన్ని రాసుకుని పోయింది. దాని గాలికి మా బండి ఊగింది.

నా చొక్కా తడిసిపోయింది. ప్రాణభయమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆరుసార్లు ఆమె ఈ భయం ఒంటరిగా పడిందని కూడా ఆ క్షణంలోనే తెలిసింది.

"మమ్మీ చెప్పింది ఇదేగా డాడీ" అంది మహిమ. దాని గొంతులో భయం ఉంది, భయం కంటే సంతోషం ఎక్కువ ఉంది. ఇంటికి వెళ్ళగానే మమ్మీకి చెబుదాం అంది.

పది నిమిషాలు ఆ రోడ్డు పక్కన కూర్చుని ఆలోచించాను. చెబితే ఏమవుతుంది? బండి సర్వీస్ సెంటరుకు పోతుంది, నేను పెట్టిన సంతకం బయటికొస్తుంది. చర్చి వరండాలో నవ్వినవాళ్ళు ఈసారి నన్ను చూసి నవ్వుతారు. అన్నింటికీ మించి, లిడియా ఏమీ అనదు. నేను చెప్పలేదా అని కూడా అనదు. ఊరికే నావైపు చూస్తుంది. ఆ చూపు కింద నేను బతకలేననిపించింది.

అందుకని మహిమతో చెప్పాను. మమ్మీకి చెబితే మళ్ళీ తాళం అడుగుతుంది, మళ్ళీ ఈ లారీల మధ్య ఆగితే మమ్మీ చచ్చిపోతుంది, అది నీకిష్టమా అన్నాను. నేను చెప్పకుండా బాగు చేయిస్తాను, నువ్వు నోరు మూసుకుంటే మమ్మీని కాపాడినదానివవుతావు అన్నాను. అది చాలాసేపు ఏడ్చింది. అద్దంకి వచ్చేలోపు ఏడుపు ఆపింది. బండి ఇల్లు చేరేదాకా పావురంలా పోయింది.

లిడియా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి ఉంది. మా ఇద్దరికీ అన్నం పెట్టింది. నన్ను అడుగుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆమె ఈసారి నన్ను అడగలేదు, మహిమను అడిగింది. బండి ఎక్కడైనా ఆగిందామ్మా అంది.

మహిమ నా వైపు చూడలేదు. "లేదు మమ్మీ" అంది.

"ఏసీ గాలి వేడిగా ఏమైనా కొట్టిందా? సరిగ్గా గుర్తు తెచ్చుకో."

"లేదు మమ్మీ. చల్లగానే వచ్చింది."

అది పుట్టాక తల్లితో అబద్ధమాడింది లేదు. ఆ సంగతి లిడియాకు తెలుసు. గరిటె గిన్నెలో పెట్టి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంతకాలం ఆమెలో బిగుసుకుని ఉన్నదేదో వదిలిపోవడం నా కళ్ళతో నేను చూశాను. యలమందయ్యలాంటివాళ్ళు బోరెం దగ్గర అలా కూర్చుంటారు, ఇంక వాదించడం అయిపోయాక.

"కనిగిరి దాకా పోయొచ్చిందంటే బండిలో ఏం లేదండి. నాలోనే ఉంది. ఇన్నాళ్ళూ నెపం బండి మీద పెట్టాను, మనసులో మిమ్మల్ని అనరాని మాటలు అనుకున్నాను. నన్ను క్షమించండి."

మహిమ చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూసింది. ఇప్పుడైనా చెబుతానని అది ఎదురుచూస్తోంది. ఒక్క మాట చాలు, అది నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

పర్లేదులే అన్నాను. క్షమించాను అన్నాను.