సంజీవ్ ఫొటో మీద దండ

సకల జనుల సమ్మెల బస్సులు బందైనయి. స్పందన జగిత్యాల నుంచి రాలేక, వెబ్‌సైటును సర్వర్‌కు ఎక్కించే పని కోరుట్లల నా నెట్ సెంటర్ మీద పెట్టింది. ఆమె ఇంజినీరింగ్ చదివిన దొరోళ్ల బిడ్డ. నేను ఏడో తరగతిల బడి ఇడిసినోన్ని. ఫోన్ల ఆమె చెప్పాలె, నేను నొక్కాలె. తెలంగాణ అచ్చినా గిదే నడుస్తదేమో.

సైటు తప్పిపోయినోళ్లది. ఉద్యమమని హైదరాబాద్ పోయి మర్లిరాని పోరగాండ్ల ఫొటోలు అండ్ల పెట్టినం. ఉపన్యాసాలిచ్చినోళ్లు మాత్రం అందరు మర్లచ్చిండ్రు. స్పందన అంతకుముందు అమరుల నివాళి సైటు చేసింది. ఆ ఫోల్డర్‌నే కాపీ కొట్టి, పేరు మార్చి, దీన్ని తయారు చేసింది. నేను ఎక్కించిన.

తెల్లారి సిరిసిల్ల నుంచి నాగవ్వ ఆటోలు మారుకుంట అచ్చింది. మా సైటుల ఫొటో ఉన్న సంజీవ్, మరమగ్గాల సాంచాలు నడిపెటోడు, ఆమె కొడుకే.

"బతికున్నోనికి దండేసినవేంది తమ్మీ? ఇది సూసి మా మరిది దినం చేద్దామంటుండు. దినం చేస్తే పోలీసోళ్లు ఇగ ఎతుకుతరా?"

తెరిచి సూసిన. నివాళి సైటు దండ అందరి ఫొటోల మీదికి అచ్చింది. స్పందనకు ఫోన్ చేసిన.

"పాత ఫైలు ఉండిపోయింది అంకుల్. తీసేసి మళ్ల ఎక్కించుండ్రి."

తీసేసిన. అందరి దండలు పోయినయి. సంజీవ్‌ది పోలేదు. సర్వర్ల ఉన్నదంత తుడిచి, మొదటి నుంచి ఎక్కించిన. అయినా ఉన్నది. పొద్దుగూకేసరికి పూల అంచులు నల్లబడ్డయి.

"బొమ్మ ఎట్ల వాడుతది అంకుల్?" అని నవ్వింది స్పందన. జగిత్యాలల తను తెరిచి సూసినంక మళ్ల తనే ఫోన్ చేసింది.

"నేను పెట్టినయి చామంతులు. గివి బంతిపూలు."

నాగవ్వను మా ఇంట్లనే పండుమన్నం. పొద్దుగాల సెంటర్ తెరిస్తే సంజీవ్ మెడల కొత్త దండ ఉన్నది. పూల మీద నీళ్ల సుక్కలు ఇంక ఆరలేదు.

సైటే బంద్ చేద్దామని మౌస్ పట్టుకున్న. నాగవ్వ నా చెయ్యి పట్టుకున్నది.

"తియ్యకు తమ్మీ."

"దినం చేస్తరంటివి గదక్కా?"

"చేసుకోనీ. ఎవలో వానికి కొత్త దండ ఏస్తుండ్రు. గా ఏసేటోళ్లకు నా కొడుకు ఏడున్నడో ఎరుకే గదా."

కుర్చీ జరుపుకొని, దండ మార్చే చెయ్యి కోసం తెర ముందట కూసున్నది.