అప్పలరాముడి పేజీ

గవరయ్య మేష్టారు తన పుస్తకాన్ని నా దగ్గరికి తెచ్చింది మెచ్చుకుంటానని. దిద్దుతానని ఆయన అనుకోలేదు. నేను చదివింది మూడో క్లాసు. రాయడం నేర్చుకున్నది మా జాలర్ల సంఘానికి అర్జీలు రాసి. అర్జీలో వంకర మాట ఒక్కటున్నా ఆఫీసరు దాన్నే పట్టుకుని మిగతాది పక్కన పడేస్తాడు. నాకు తెలిసిన సాహిత్యం అంతే.

పుస్తకం మా కాలనీ గురించి. యాభై ఆరులో సర్కారు విశాఖ, శ్రీకాకుళం తీరాల నుంచి జాలరి కుటుంబాలను ఓడలో సముద్రం అవతలున్న ఈ దీవికి తెచ్చి, ఫెరార్గంజ్ అనే ఊరు దాటాక, పడమటి ఒడ్డున దింపింది. పదహారేళ్ళయింది. మా పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఎవరో ఒకరు రాసి పెట్టకపోతే ఇదంతా పోతుందని మేష్టారు రెండేళ్ళు కూర్చుని రాశాడు. మంచి పనే. కాగితాలు శుక్రవారం ఓడలో విశాఖపట్నం ప్రెస్సుకి వెళ్ళాలి. నాకు చూపించింది ఆదివారం.

నలభయ్యో పేజీ అప్పలరాముడిది. వచ్చిన రెండు నెలలకే వేటకెళ్ళి తిరిగి రాలేదు. తాగి పోయాడని అందరూ అనుకున్నారు. మా దగ్గర ఏటా వానలు తగ్గాక పడవలు నీళ్ళలోకి తోసే రోజున గంగమ్మకి పూజ చేస్తారు. సముద్రం మీద పోయినవాళ్ళ పేర్లు పిలిచి, ఒక్కొక్క పేరుకీ ఒక కొబ్బరికాయ కొడతారు. తాగి పోయినవాడి పేరు పిలవరు. అందుకే అతని భార్య కాసులమ్మ ఆ రోజు ఒడ్డుకి రాదు. పుస్తకం సంగతి తెలిసి మేష్టారి ఇంటికి వెళ్ళి ఒక్కటే అడిగింది: "మావోడు తాగనేదని రాయి బావూ."

మేష్టారు రాసింది ఇది: "ఆ అభాగ్యుని విధి వెక్కిరించగా, క్రూర కడలి తన అనంత గర్భమున అతనిని దాచుకొన్నది. సూర్యుడు సైతం రక్తాశ్రువులు రాల్చెను."

"ఇందులో తాగలేదని ఎక్కడుంది మేష్టారూ?" అన్నాను.

"తాగాడనీ లేదు కదా జోగులు భయ్యా. గౌరవంగా ఉంది."

"విధి అని రాశారంటే, ఎవరినో అడగాల్సింది అడగలేదన్నమాట. ఆ రోజు దగ్గరలో ఎవరున్నారు?"

"నూకన్న. వేరే పడవలో. అడిగాను, మాలూమ్ నహీ అన్నాడు."

"ఏమని అడిగారు?"

"ఎలా మరణించాడని."

"అలా అడిగితే నేనూ అదే చెబుతాను. రేపు వలల షెడ్డుకి రండి. అందరి ముందూ చదవండి."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. రాసేవాళ్ళు దీనికెందుకు భయపడతారో నాకు తెలీదు. ఎవరి గురించి రాశామో వాళ్ళకి చదివి వినిపించాలి. వింటూ పని చేసేవాళ్ళ చేతులు ఆగిన చోటు ఉంచాలి. ఆగని చోటు కొట్టెయ్యాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు.

మర్నాడు షెడ్డులో పదిమంది చిరిగిన వలలు కుడుతున్నారు. నూకన్న గుమ్మం దగ్గరున్నాడు, కాసులమ్మ వెనకగా, గుంజకి ఆనుకుని కూర్చుంది. మేష్టారు గొంతు సవరించుకుని నలభయ్యో పేజీ చదివాడు. ఒక్క చెయ్యీ ఆగలేదు.

"మేష్టరు బావూ, ఎవుల్ది ఈ కత? ఏ రాజుగారిదైనానా?" అంది వల కుడుతున్న ఎరుకమ్మ. షెడ్డంతా నవ్వింది.

కాసులమ్మ నవ్వలేదు. "ఈడు మావోడు కాడు" అంది.

మేష్టారు కాగితం మడిచేశాడు. నేను నూకన్న వైపు తిరిగాను.

"మావా, ఆ రోజు ఏ వేళప్పుడు?"

"సందేళ."

"వానా?"

"జోరు వాన. దీవి అగుపడనేదు."

"పొద్దు కనిపించిందా?"

"మబ్బు కింద ఎర్రగా, సన్నగా గీసినట్టు అగుపడింది."

"పడవ ఎటు తిప్పారు?"

నూకన్న చెయ్యి ఆగింది. ఆ పొద్దుట్నుంచి అక్కడ ఆగిన మొదటి చెయ్యి అదే.

"పొద్దు గుంకే ఏపు" అన్నాడు.

మిగతా చేతులూ ఆగాయి. అక్కడివాళ్ళకి ఇంకేం చెప్పనక్కర్లేదు. చదివేవాళ్ళకి చెప్పాలి. మా సొంత తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దున్న సూర్యుడికి ఎదురెళ్తారు, సాయంత్రం గుంకే పొద్దు వైపు పడవ తిప్పితే ఇల్లు. తాతల నాటి అలవాటు. ఈ ఒడ్డున సూర్యుడు సముద్రంలోనే గుంకుతాడు. ఆ సంగతి రెండు నెలల్లో కళ్ళకి తెలిసింది గాని చేతులకి తెలీలేదు.

"ఆడూ నానూ ఇద్దరం తిప్పినాం" అన్నాడు నూకన్న. "నా పడవలో ఈ దీవి ఎరిగిన రాంచీ కూలోడొకడున్నాడు. అరే పాగల్, ఉధర్ సిర్ఫ్ పానీ హై, అటంతా నీళ్ళేరా అని తెడ్డు లాగేసుకున్నాడు. ఆడి పడవలో ఎవులూ నేరు. కేకేసినాను. వానలో ఇనబడనేదు."

"మరి తాగాడని ఎవరన్నారు?"

"నానే. ఆఫీసరు అడిగినాడు. ఇంటిదారి ఎటో తెల్డం నేదని సెప్పమంటావేటి? జాలరోడు నేల ఏపు మరిసిపోనాడంటే దీవంతా నవ్వదా? తాగినాడంటే ఇంకేటీ అడగరు. పూజలో పేరు మానేత్తారని అప్పుడు తట్టనేదు. తరవాత నోరు రానేదు."

"పదారేళ్ళు నోరు రానేదా, నీ నోరు సముద్రంలో పడా!" అంది ఎరుకమ్మ.

కాసులమ్మ ఆమెని ఆపింది. నూకన్ననే చూస్తూ మెల్లిగా అడిగింది.

"అయితే ఇంటికే వత్తన్నాడన్నమాట."

"ఇంటికే వొదినా."

ఆమె మళ్ళీ వల చేతిలోకి తీసుకుంది.

మంగళవారం మేష్టారు మూడు పేజీలు రాసి తెచ్చాడు. దారి తప్పిన సంగతి మాత్రం లేదు. పోయినవాడి పొరపాటు ఎందుకులే, బాగుండదన్నాడు.

"ఆ పొరపాటు తీసేస్తే మిగిలేది తాగుబోతే" అన్నాను.

గంటసేపు పోట్లాడుకున్నాం. చివరికి ఇది మిగిలింది:

"అప్పలరాముడు తాగలేదు. వానలో దీవి కనిపించలేదు. మబ్బు కింద పొద్దు ఎర్రగా కనిపించింది. మన ఊళ్ళో ఇల్లు అటే. అటు పడవ తిప్పాడు. ఇక్కడ అటు సముద్రం. నూకన్న కూడా తిప్పాడు, అతని పడవలో ఆపేవాడున్నాడు."

"ఇది పుస్తకంలా లేదు భయ్యా" అన్నాడు మేష్టారు.

"కాసులమ్మకి చదివి రండి."

వెళ్ళి చదివాడు. ఆమె మూడుసార్లు చదివించుకుందట. నాలుగోసారి ఆయన మొదలుపెట్టేలోపే తనే చెప్పేసిందట, ఒక్క మాట పోకుండా.

గురువారం పడవలు తోశారు. పేర్లు పిలిచేది కులపెద్ద. ఆయన ముగించాక నూకన్న ముందుకొచ్చి "అప్పలరాముడు" అని గట్టిగా పిలిచి తనే కాయ కొట్టాడు. పెద్ద అడ్డు చెప్పలేదు. కాసులమ్మ ఒడ్డునే ఉంది.

మేష్టారు పరుగున నా దగ్గరికి వచ్చాడు. "దీన్ని కూడా చేరుస్తాను భయ్యా. ఓడ రేపు కదా, టైముంది. అందరి కళ్ళూ చెమర్చాయని ముగిస్తాను."

"ఎవరి కళ్ళు? మీరు చూశారా?"

"లేదు."

"మరి ఏం చూశారు?"

"కాయ మొదటి దెబ్బకి పగల్లేదు. నూకన్న దాన్ని మళ్ళీ ఎత్తాడు. రెండో దెబ్బకి పగిలింది."

"అది రాయండి."