గుమ్మాల జపమాల

మా ఆయన చెన్సు తెల్లచొక్కా నేను ఇస్త్రీ చేస్తుంటే టీవీలో అతని గొంతు వినిపించింది. ఒకసారి విన్న పేరు మరిచిపోడట. అది దేవుడిచ్చిన వరమట. కుర్చీలో కూర్చున్న మా అత్తగారు నావైపు తిరిగి, "చిన్నప్పుడు బడిసంచీ ఎక్కడ పెట్టాడో కూడా గుర్తుండేది కాదు వాడికి. పెళ్ళయ్యాకే వచ్చినట్టుంది ఈ వరం" అంది. మెచ్చుకుందో, ఎత్తిపొడిచిందో తెలియలేదు. ఇస్త్రీ ఆవిరి లేచి నా ముఖాన్ని కప్పేసింది.

మా మాల్టాలో ఎంత పెద్ద నాయకుడైనా ఎన్నికలప్పుడు ఇంటింటికీ వెళ్ళి తలుపు తట్టాల్సిందే. అతను ముందు, నేను అర అడుగు వెనక. తలుపు తెరుచుకునేలోగా అతని చెవి నావైపు వంగుతుంది. "జూజా. మోకాలి ఆపరేషన్. కొడుకు రేవులో పని" అని ఊదుతాను. తలుపు తీయగానే, "జూజా పిన్నీ, మోకాలు ఎలా ఉంది?" అంటాడు. ఆవిడ కళ్ళు చెమరుస్తాయి. బాదం బిస్కెట్లు బల్ల మీదికి వస్తాయి. ఊళ్ళో పార్టీ క్లబ్బు నుంచి పార్లమెంటుకీ, అక్కడి నుంచి పార్టీ నాయకత్వానికీ అలాగే ఎక్కాడు. ఈ శనివారం గెలిస్తే ప్రధానమంత్రి. ఒక్కసారి నేను జ్వరంతో ఇంట్లో ఉండిపోతే, భర్త పోయినావిడని "ఆయన ఇంకా నిద్ర లేవలేదా?" అని అడిగి వచ్చాడు. ఆ తర్వాత నాకు జ్వరం రావడం పార్టీ మొత్తానికి బెంగ అయిపోయింది.

నిజానికి ఆ పేర్లు నేను ఓట్ల కోసం నేర్చుకోలేదు. సాయంత్రం జపమాల తిప్పుతూ కళ్ళు మూసుకుంటే ఒక్కో పూసా ఒక్కో గుమ్మమవుతుంది. పచ్చరంగు చెక్క బాల్కనీలు పడవల్లా మెల్లగా ఊగుతాయి. వీధి వీధంతా నీళ్ళలో తేలుతూ నా వేళ్ళ మధ్య నుంచి సాగిపోతుంది. ఎవరి కష్టం వారి పేరుతో మేరీమాతకి చెప్పుకుంటాను. ఆమెకి అప్పజెప్పినవే అతని చెవిలోనూ పోశాను. అది తప్పా తల్లీ, అని అడుగుతుంటాను. మరో పూస తిప్పుతాను.

నిన్న పూజయ్యాక చర్చిలో పౌలీనా నా చెయ్యి పట్టుకుంది. భర్త కొట్టే దెబ్బలు పడలేక కూతురు పుట్టింటికి వచ్చేసిందట. "నీకూ, ఆ తల్లికీ తప్ప ఎవరికీ తెలియదు" అంది.

ఇవాళ పౌలీనా వాళ్ళ వీధికి వెళుతుంటే కారులో చెన్సు అడిగాడు.

"నిన్న పౌలీనా నీతో ఏదో చెప్పుకుని ఏడ్చిందటగా. ఏమిటి?"

"చెప్పేది కాదు."

"ఆ ఇంట్లో ఐదారు ఓట్లున్నాయి సాల్వినా. ఒక్క ముక్క అందించు, మిగతాది నేను చూసుకుంటాను. ఓదార్చడం కూడా పాపమేనా?" నేను కిటికీ వైపు తిరిగాను. అతను నవ్వాడు. "ఇన్నేళ్ళూ మోశావు, ఇవాళే బరువైందా?"

పౌలీనా తలుపుకి ఇత్తడి చేప. దానితో తట్టాడు. లోపల అడుగుల చప్పుడు. అతని చెవి అలవాటుగా నావైపు వంగింది. ఆ అమ్మాయి పేరు నా నాలుక మీద పూసలా ఆగిపోయింది.

తలుపు తెరుచుకుంది. పౌలీనా వెనక, మసకలో, చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ పిల్ల నిలబడి ఉంది. చెన్సు ముఖాన నవ్వు నవ్వులాగే ఉంది, మాట మాత్రం రాలేదు.

నేను ఆ అర అడుగూ ముందుకు వేశాను.

"పౌలీనా, ఇవాళ వచ్చింది నేను. చెన్సు కారులో కూర్చుంటాడు."