అద్దాల్లో అప్పాయమ్మ

మిట్టమధ్యాహ్నం. కలకత్తా తూర్పు శివారున, కాలవగట్టు మీది తెలుగు బస్తీ మధ్యలో, మూడుకాళ్ల స్టాండు మీద కెమెరా చుట్టూ తిరుగుతోంది. ఒక్కో దిక్కున ఆగి అదే బొమ్మని మసక చీకటి నుంచి కళ్లు చెదిరే వెలుగు దాకా వరసగా తీస్తోంది. జయలక్ష్మి రెండు చేతులూ అడ్డంపెట్టి జనాన్ని ఆపుతోంది. ఎండకి ఆమె కళ్లు తిరుగుతున్నాయి.

గుడిసె గుమ్మంలోంచి అప్పాయమ్మ కేకేసింది. వీధులూడ్చి, తల్లిలేని జయలక్ష్మిని పెంచి, కంప్యూటరు నేర్పించిన పిన్ని ఆమె.

"ఏటే అమ్మీ, ఈ డబ్బా దేనికే? మనకి పైపులేత్తారేటి?"

"కదలకు పిన్నీ! కదిలితే బొమ్మలో దెయ్యంలా పడతావు."

"పడితే పడనీయే. బతికున్నోల్లని ఎవులు సూత్తన్నారు గనక!" అప్పాయమ్మ నవ్వుతూ బయటికొచ్చి, కెమెరాకేసి చెయ్యి ఊపింది. తర్వాత జయలక్ష్మి పనిచేసే స్టూడియో యజమాని మృత్యుంజయకి టీ కాచి ఇచ్చింది.

తిరిగి వెళ్తుంటే జయలక్ష్మి అడిగింది. "ఇదంతా దేనికి దాదా?"

"ఇక్కడి వెలుగు కోసం," అన్నాడు మృత్యుంజయ బెంగాలీలో. "ఎండా, నీడా అన్నీ ఈ బొమ్మలో ఉంటాయి. కంప్యూటర్లో గీసిన భవనం చుట్టూ దీన్ని చుడితే, భవనం నిజంగా ఇక్కడే నిలబడినట్టుంటుంది."

"ఏ భవనం?"

"ఇంకా ఖాయం కాలేదులే."

జయలక్ష్మి ఒకసారి వెనక్కి తిరిగి బస్తీకేసి చూసింది. కానీ ఇంకేమీ అడగలేదు.

వానలు మొదలవగానే బుల్డోజర్లొచ్చాయి. బస్తీవాళ్లు నాయకుల దగ్గరికి పరిగెత్తారు. నగరం పెరగాలి కదా అన్నారు వాళ్లు. గుడిసె పోయిన అప్పాయమ్మ, తన అద్దెగదికి రమ్మని జయలక్ష్మి ఎంత బతిమాలినా రాలేదు. బస్తీవాళ్లతోపాటు రోడ్డువార టార్పాలిన్ కిందే ఉండి, జ్వరం తగిలి, ఆస్పత్రికి చేర్చేలోగానే పోయింది.

దుర్గాపూజ ముందు, బస్తీ ఉన్నచోట కట్టబోయే ఆ భవనం బొమ్మ పని స్టూడియోకి వచ్చింది. ఒళ్లంతా అద్దాల భవనం. జయలక్ష్మి దాని చుట్టూ బస్తీ బొమ్మని చుట్టి, కంప్యూటరుకి అప్పగించి కూర్చుంది. పైనుంచి కిందకి మెల్లగా చిత్రం దిగుతోంది. పై అంతస్తుల్లో ఆకాశం పడింది. కింది అద్దాల్లో గుడిసెల కప్పులు, కుళాయి, బిందెల వరస. వాటి మధ్య చెయ్యెత్తి నవ్వుతున్న ఒక ఆడమనిషి. నడుము దాకా, వెనకున్న గోడ కనిపించేంత పలచగా ఉంది.

జయలక్ష్మి కుర్చీ తెరకి దగ్గరగా జరుపుకుంది.

"వెలుగు భలే కుదిరింది!" వెనక మృత్యుంజయ గొంతు. "కింద ఆ చెత్తంతా తుడిచేసి చెట్లు పెట్టు. సాయంత్రం బిల్డరు వస్తాడు."

"చెత్త కాదు దాదా. మా పిన్ని."

అతను వంగి చూశాడు. పోల్చుకున్నాడు.

"పాపం, మంచి మనిషి," అన్నాడు. "కానీ అద్దంలో నీడే కదా జయా. తుడిచెయ్యి."

అతనితో ఎప్పుడూ బెంగాలీలోనే మాట్లాడే జయలక్ష్మి నోట ఇంటి మాట వచ్చింది.

"నాను తుడవను."

"ఏమన్నావ్?"

ఆమె అదే మాట బెంగాలీలో చెప్పింది. అతను మౌసు కోసం చెయ్యి చాపాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. తెర మీద కంప్యూటరు ఇంకా కింది అద్దాలు నింపుతూనే ఉంది. అప్పాయమ్మ కింది అద్దంలో మరో బస్తీ మొహం తేలుతోంది. దాని పక్కన మరొకటి.