అరవై కిలోల ఆరేళ్ల పాప

పొద్దున దేవుడి ముందు కళ్లు మూసుకుని ఆమె కోరిన కోరిక ఒక్కటే: ఇవాళ టెస్టులన్నీ పచ్చగా రావాలి. సాయంత్రం నాలుగింటికి, తాము రాసిన మందుల మోతాదు ప్రోగ్రాం పిల్లల ఆసుపత్రికి వెళ్లిపోతుంది.

కోరిక తీరింది. పదింటికల్లా నాలుగు వందల పన్నెండు టెస్టులూ తెర మీద తప్పు లేదని చెప్పే పచ్చటి టిక్కులతో నిలిచాయి. అయినా మనసు కుదుటపడలేదు. లేచి నీళ్లు తాగింది. కూర్చుంది. మళ్లీ లేచింది.

"కాలు గాలిన పిల్లిలా ఏంటక్కా ఆ తిరుగుడు?" అన్నాడు టీమ్ లీడర్.

"ఏదో మర్చిపోయాను తమ్ముడూ. ఏంటో అందట్లేదు."

"స్టవ్వు కట్టేశారా?"

"ముందు నీ నోరు కట్టేసుకో."

అంతలో ఇంటి నుంచి భర్త ఫోన్. "పాపకి ఒళ్లు కాలిపోతోంది. మందు ఎంత పొయ్యాలి? సీసా మీద బరువును బట్టి అని ఉంది."

"పద్దెనిమిది కిలోలు."

"అంతేనా? ఎత్తుకుంటే బస్తాలా ఉంటుంది!"

ఫోన్ పెట్టేసి ఆమె అలాగే ఉండిపోయింది. బరువు!

ప్రాజెక్టు మొదట్లో టెస్టుల కోసం ఒక ఉత్తుత్తి రోగిని తయారుచేసింది ఆమే. వయసు డెబ్బై, బరువు అరవై. అవి మామగారి వివరాలు. అందరూ ఆ రోగిని 'తాతగారు' అనేవారు. ఎవరికి ఏ టెస్టు కావాలన్నా తాతగారినే పిలిచి, తమకు కావలసిన ఒక్క ముక్క మార్చుకునేవారు. పిల్లల మోతాదుకు టెస్టు రాసినప్పుడు ఆమె కూడా వయసొక్కటే మార్చింది.

తెరిచి చూసింది. వయసు ఆరు. బరువు ఊసే లేదు, అంటే తాతగారి అరవైయే. అంత బరువుకు లెక్క ఎంత తప్పినా, పిల్లలకు మించకూడని ఐదు వందల మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతుంది. టెస్టు పచ్చగానే నవ్వుతుంది.

వయసూ బరువూ రెండూ చెబితే తప్ప రోగి తయారవని చిన్న ప్రోగ్రాం ముక్క రాసింది. ఆరేళ్లు, పద్దెనిమిది కిలోలు. కిలోకు పది చొప్పున నూట ఎనభై రావాలి.

ఎర్రగా వచ్చింది. మూడు వందల అరవై. రెండు పూటల మందు ఒక్క పూటకే!

లీడర్ వంగి చూశాడు. "నాలుగింటికి పంపకపోతే పైవాళ్లు నన్ను నమిలేస్తారక్కా. ఇవాళ్టికి పంపేసి, ఇది రేపు సరిచేద్దామా?"

"మీ బాబు బరువెంత?"

"పద్నాలుగు. ఎందుకూ?"

ఆమె ఆ అంకె కొట్టింది. నూట నలభై రావలసిన చోట రెండు వందల ఎనభై.

లీడర్ ఆసుపత్రి నంబరు నొక్కాడు. "సార్, ఇవాళ పంపలేం. తప్పు మాదే."

"నాదని చెప్పు," అంది ఆమె.

తాతగారి మీద ఆధారపడ్డ టెస్టులు ఎన్నున్నాయో వెతికింది. రెండు వందల అరవై ఏడు. పొద్దున తాను కోరిన పచ్చదనం ఇచ్చిన దేవుడే ఆ ఫోన్ కూడా మోగించాడా? అలాగైతే పాపకు జ్వరం ఎందుకు రావాలి? తేల్చుకునే తీరిక లేదు. ఇంటికి ఫోన్ చేసి, జ్వరం దిగుతోందని విని, మొదటి టెస్టు తెరిచింది.

వయసు రాసింది. బరువు దగ్గర ఆగి, లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చి, అదీ రాసింది.