‘ఏంది’ అంటే నవ్వెందుకు?

నాకు ఒళ్లు మండిపోతోంది. శాంతంగా చెప్పమంటే నా వల్ల కాదు.

ఇనుప గనుల ఊరు బచేలిలో మా తెలుగువాళ్లు కొందరు కలిసి ఒక హాస్యనాటకం వేశారు. పేరు ‘మిగిలిన అయిదుగురు’. జలప్రళయంలో లోకమంతా మునిగిపోతుంది. గుట్ట ఎక్కిన ఇంజనీరు, డాక్టరు, ప్లీడరు, సంగీతం టీచరు, ఒక అడవి మనిషి మాత్రం మిగులుతారు. మనిషి జాతి బతకాలంటే ఇక వీళ్లే దిక్కు. అడవి మనిషి వేషం మా తమ్ముడు సన్న వేశాడు. మాది అడవి లోపలి ఊరు, ఆవపల్లి. నేనిక్కడ నర్సుని, వాడు నా దగ్గరే ఉండి చదువుకుంటున్నాడు.

నాటకం రాసి ఆడించింది గవర్రాజు గారు. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకు సంపాదకుడూ ఆయనే. నేను అప్పుడప్పుడు కథలు రాస్తానని సమీక్ష నన్ను రాయమన్నారు. తమ్ముడి నాటకానికి అక్క సమీక్షేమిటండీ అంటే, “మనలో మనకేంటమ్మా!” అన్నారు.

చూశాను. మొదట్లో నేనూ కడుపుబ్బ నవ్వాను, అబద్ధమెందుకు! నీళ్లలో కొట్టుకొచ్చిన ఒక్క చాప కోసం ప్లీడరూ డాక్టరూ వాదులాడుకోవడం భలేగా ఉంది. తర్వాత సన్న, మునిగిపోయిన తన ఊరి దిక్కుకు తిరిగి, “అందరు పోయిండ్రు. ఇగ నేనొక్కణ్ణి బతికి చేసేదేంది?” అని ఏడ్చాడు. ఆ ఒక్క ముక్క కోసం వాడు మా వంటింట్లో ఎన్నిసార్లు ఏడ్చాడో నాకు తెలుసు.

హాలు గొల్లున నవ్వింది. “చేసేదేందంట!” అని వెనక ఎవడో వెక్కిరించాడు. సన్న కన్నీళ్లు ఒక్కరికీ కనబడలేదు, యాస మాత్రం బాగా వినబడింది.

ఆ రాత్రి సన్న అన్నం ముట్టలేదు.

“వచ్చే ఆదివారం కిరందుల్‌ల మల్ల ఆడాలె అక్కా. ఆడ గూడ నవ్వితే నేనింక వేషమెయ్య. నువ్వు రాయి. నేను జెప్తే మల్ల నవ్వుతరు.”

పళ్లు కొరుక్కుంటూ రాశాను. నవ్వినవాళ్లకు గడ్డి పెట్టాను. శుక్రవారం పత్రిక వచ్చింది. అందులో ఇలా ఉంది: ‘“చేసేదేమిటి?” అని సన్న ఏడిస్తే హాలంతా నవ్వింది. “ఏమిటి” అన్న మాటలో నవ్వడానికి ఏముంది?’

నేను రాసిన ‘ఏంది’ ఒక్కటీ మిగల్లేదు. గవర్రాజు గారికి ఫోన్ చేశాను.

“అబ్బే, నువ్వు రాసింది ఒక్క వాక్యం కూడా తీసెయ్యలేదమ్మా. భాష కాస్త శుభ్రం చేశానంతే. నలుగురూ చదివేది కదా!”

“శుభ్రం జేసిండ్రా? మా నోట్ల అంత మురికేముందండి?”

“అదిగో, కోపం వస్తే నీ యాస ఎంత ముద్దొస్తుందో!” అని ఆయన కిసుక్కున నవ్వారు.

ఫోన్ పెట్టేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు పెద్దలు! ఆ మంటలోనే పొయ్యి దగ్గరికి వెళ్లి కూర కలుపుతున్నాను. ఇంతలో సన్న వచ్చి పత్రిక తీసుకుని చదివాడు. ఆ వాక్యం దగ్గర ఆగి మళ్లీ చదివాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, అదే ఏడుపు గొంతుతో “బతికి చేసేదేమిటి?” అన్నాడు.

“గిది మంచిగుందక్కా. నువ్వే రాసినవ్ గద! కిరందుల్‌ల నేను గిట్లనే అంట. ఇగ నవ్వరు.”

నేనే రాశానట! చేతిలో గరిటె గోడకేసి కొట్టాను. వాడు ఉలిక్కిపడి నావైపు చూశాడు.

“ఏమిటక్కా?” అన్నాడు.